తుపాకీ బొమ్మ ముందు నిలబడి అడగాల్సిన ప్రశ్న

వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో మొదలైంది. 1929లో గాంధీ వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశాడు. ఆయన వాడిన చేతికర్ర ఒకటి అక్కడ భద్రంగా దాచి ఉంచారు. పాత పత్రికల కోసం వచ్చే పరిశోధకులూ, బడిపిల్లలూ దాన్ని చూసిపోతుంటారు. ఆ కర్రను చూసి ఎవరూ భయపడరు. గాంధీ చేతిలోది గనక అది అహింసకు గుర్తైంది.

అదే వేటపాలానికి దగ్గర్లోనే కారంచేడు ఉంది. 1985 జులై 17న ఆ ఊరి మాదిగపల్లె మీదికి కర్రలొచ్చాయి, బరిసెలొచ్చాయి, గొడ్డళ్ళొచ్చాయి. ఆరుగురు మాదిగలు హతమయ్యారు. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు జరిగాయి. పల్లె పల్లెంతా చీరాలకు పరుగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకుంది. ఆనాటి కర్రల్ని ఎవరూ అద్దాల బీరువాలో పెట్టలేదు.

కర్ర కర్రే. ఎవరి చేతిలో ఉంది, ఎవరి మీదికి లేచింది, దాని కింద చీటీ ఎవరు రాశారు అన్న మూడు సంగతుల్ని బట్టే అది పూజావస్తువో, హత్యాయుధమో, అసలు కనపడకుండాపోయే వస్తువో అవుతుంది. ఈ మాట కర్రకెంత వర్తిస్తుందో తుపాకీకీ అంతే వర్తిస్తుంది.

తుపాకీ సంస్కృతి మీద కళాప్రదర్శనలు ప్రపంచమంతా జరుగుతున్నాయి. మన విద్యార్థులు వాటి ఫొటోలు చూస్తున్నారు, వాటి మీద సెమినార్లలో పేపర్లు చదువుతున్నారు. "ఇవన్నీ అమెరికా గొడవలు కదా, పత్తి చేలల్లో, మిరప చేలల్లో కూలికి పోయే మన జనానికి తుపాకీతో పనేంటి?" అని మమ్మల్ని అడిగినవాళ్ళున్నారు. ప్రశ్న న్యాయమైనదే. జవాబు చెప్పాలంటే ముందు ఆ ప్రదర్శనల్లో ఏముందో చూడాలి. తర్వాత మన నేల మీద తుపాకీ ఎవరి సొత్తుగా ఉంటూ వచ్చిందో చూడాలి.

తుపాకీని వంచిన బొమ్మలు

అందరికీ తెలిసిన బొమ్మ ఒకటుంది. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి కార్యాలయం ముందు పెద్ద కంచు రివాల్వర్ ఉంటుంది. దాని గొట్టం ముడి వేసి ఉంటుంది. స్వీడన్ శిల్పి కార్ల్ ఫ్రెడ్రిక్ రాయ్టర్‌స్వార్డ్ చేసిందిది. 1980లో గాయకుడు జాన్ లెనన్‌ను కాల్చి చంపినప్పుడు కలిగిన బాధలోంచి ఈ ఆలోచన పుట్టింది. 1988లో లక్సెంబర్గ్ ప్రభుత్వం దీన్ని ఐక్యరాజ్యసమితికి బహూకరించింది. పేరు 'అహింస'. చూడగానే అర్థమవుతుంది. పిల్లలకి కూడా వివరించనక్కర్లేదు.

రెండోది మొజాంబిక్‌ది. ఆ దేశంలో 1977 నుంచి 1992 దాకా అంతర్యుద్ధం నడిచింది. యుద్ధం ఆగినా తుపాకులు ఇళ్ళల్లోనే, నేలలోనే మిగిలిపోయాయి. 1995లో అక్కడి క్రైస్తవ సంఘాల మండలి ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. తుపాకీ తెచ్చి ఇస్తే దానికి బదులు పలుగో, పారో, కుట్టుమిషనో, సైకిలో ఇస్తారు. అలా వచ్చిన తుపాకుల్ని కోసి ముక్కలు చేసి శిల్పులకిచ్చారు. కెస్టర్ అనే శిల్పి 2001లో ఆ ముక్కలతో ఒక కుర్చీ చేశాడు. 'ఆయుధాల సింహాసనం' అని దాన్ని పిలుస్తారు. ఇప్పుడది లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆ తుపాకులేవీ మొజాంబిక్‌లో తయారైనవి కావు. తయారుచేసింది బయటి దేశాలు, చచ్చింది మొజాంబిక్ పేదలు. ఆ కుర్చీ దగ్గర నిలబడితే ఈ లెక్క అడక్క తప్పదు.

మూడోది కొలంబియాది. 2016లో అక్కడి గెరిల్లా సైన్యానికీ ప్రభుత్వానికీ మధ్య శాంతి ఒప్పందం జరిగింది. గెరిల్లాలు అప్పజెప్పిన ఆయుధాల్లో 37 టన్నుల్ని కరిగించి డోరిస్ సాల్సెడో అనే కళాకారిణి 2018లో బొగోటా నగరంలో ఒక నేలను పరిచింది. స్తంభం కాదు, విగ్రహం కాదు. కాళ్ళ కింద నేల. ఆ పలకల అచ్చుల కోసం వాడిన రేకుల్ని సుత్తులతో కొట్టింది ఎవరో తెలుసా? ఆ యుద్ధంలో అత్యాచారాలకు గురైన స్త్రీలు. వాళ్ళ సుత్తిదెబ్బల సొట్టలు ఆ నేల మీద అచ్చుపడ్డాయి. చూడటానికొచ్చినవాళ్ళు ఆ సొట్టల మీద నడవాల్సిందే.

ఈ మూడింటికీ తేడా ఉంది. మొదటి దాంట్లో తుపాకీ ఎవరిదో తెలియదు, ఎవరి మీద పేలిందో తెలియదు. తుపాకీ చెడ్డది, అంతే. రెండోదాంట్లో తుపాకీకి ఊరు పేరు ఉంది. మూడోదాంట్లో దెబ్బ తిన్న మనిషి చెయ్యి కూడా ఉంది. మొదటి బొమ్మను తప్పుపట్టటం మా ఉద్దేశం కాదు. అయితే ఆ బొమ్మ ఒక్కదాన్నే చూసి అలవాటు పడ్డ కన్ను "హింస ఎటునుంచి జరిగినా హింసే" అనే మాట దగ్గర ఆగిపోతుంది. కారంచేడు జరిగిన తర్వాత ఇలాంటి మాట మనం వినలేదా? కొట్టినవాణ్ణీ, దెబ్బ కాచుకోటానికి చెయ్యి అడ్డం పెట్టినవాణ్ణీ ఒకే గాటన కట్టి "రెండు వర్గాల ఘర్షణ" అనే రాతలు మనకి కొత్తవి కావు.

చీపురూ తుపాకీ

తుపాకీకి ఎదురుగా నిలబడ్డవాళ్ళు వేసిన బొమ్మలు వేరే ఉన్నాయి. అవి చూడాలంటే అమెరికా నల్లజాతి చరిత్రలోకి పోవాలి.

తుపాకీ పెట్టుకోవటం పౌరుడి హక్కని అమెరికా రాజ్యాంగానికి 1791లో చేసిన సవరణ అంటుంది. ఆ హక్కు అప్పట్లో బానిసలది కాదని వేరే చెప్పనక్కర్లేదు. 1865లో బానిసత్వం రద్దయింది. అదే ఏడాది మిసిసిపి రాష్ట్రం చేసిన చట్టంలో, లైసెన్సు లేకుండా విముక్త నల్లవాళ్ళు తుపాకీ పెట్టుకోకూడదని రాశారు. 1966లో ఓక్లండ్‌లో బ్లాక్ పాంథర్ పార్టీ పుట్టింది. నల్లవాళ్ళని వేధిస్తున్న పోలీసుల వెనకాలే, అప్పటి చట్టం ఒప్పుకున్న మేరకే, తుపాకులు పట్టుకుని వాళ్ళు కాపలా తిరిగారు. 1967 మే 2న తుపాకులతోనే కాలిఫోర్నియా శాసనసభ భవనంలోకి నడిచారు. ఆ ఏడాదే బహిరంగంగా నిండు తుపాకీ పట్టుకు తిరగటాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. సంతకం పెట్టింది అప్పటి గవర్నర్ రొనాల్డ్ రీగన్. తెల్లవాడి చేతిలో ఉన్నన్నాళ్ళూ హక్కు. నల్లవాడి చేతిలోకి రాగానే ప్రమాదం. బ్లాక్ పాంథర్ల పేరు మీదే 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టిన సంగతి మన పాఠకులకు తెలిసిందే.

ఆ పార్టీ పత్రికకు బొమ్మలు వేసింది ఎమరీ డగ్లస్. ఆయన బొమ్మల్లో తుపాకీ ఒంటరిగా ఉండదు. దాని పక్కన చంకలో బిడ్డ ఉంటుంది, ఎలుకలు తిరిగే కొంప ఉంటుంది, పోలీసు ఉంటాడు. నలభై ఏళ్ళ తర్వాత, 2007లో, లాస్ ఏంజెలెస్ ఆధునిక కళా మ్యూజియం ఆ బొమ్మలతో ప్రదర్శన పెట్టింది.

1972లో బెటీ సార్ అనే నల్లజాతి కళాకారిణి బర్క్‌లీలో ఒక చిన్న పెట్టె ప్రదర్శించింది. తెల్లవాళ్ళ ఇళ్ళల్లో వంటా వార్పూ చేసే నల్ల దాసిని వెక్కిరిస్తూ అమెరికాలో బొమ్మలమ్మేవాళ్ళు. అట్టపెట్టెల మీద ఆమె బొమ్మేసి పిండి అమ్మేవాళ్ళు. నల్లటి మొహం, ఎర్రటి పెదాలు, తలకి గుడ్డ, ఎప్పుడూ నవ్వు. ఆ బొమ్మనే సార్ తీసుకుంది. ఒక చేతిలో చీపురు అట్లాగే ఉంచింది. ఇంకో చేతికి తుపాకీ ఇచ్చింది. నవ్వు మాత్రం చెరపలేదు.

చీపురు పట్టిన చేతులు మన ఇళ్ళల్లో ఎన్ని ఉన్నాయో వేరే చెప్పాలా? మనకి ఈ బొమ్మ వెంటనే అర్థమవుతుంది. ఎవరో వెళ్ళి ఎవర్నో కాల్చిరమ్మని చెప్పే బొమ్మ కాదిది. నువ్వు నన్ను ఏ రూపంలో చూసి నవ్వుకున్నావో ఆ రూపంలోనే నీకు ఎదురు నిలబడ్డానని చెప్పే బొమ్మ.

మన దగ్గర కూడా ఇలాంటి రూపం ఒకటుంది. కారంచేడులో దాడికి ముందురోజు, మాదిగలు తాగే చెరువు నీళ్ళని పశువుల మురికితో పాడుచేస్తుంటే అడ్డుకున్న గొడవలో మున్నంగి సువార్త ఎత్తింది తుపాకీ కాదు, బిందె. దెబ్బ కాచుకోటానికి ఎత్తిన నీళ్ళబిందె. ఆ బిందె లేవటాన్నే ఊరి పెత్తందార్లు భరించలేకపోయారు. తెల్లారేసరికి గొడ్డళ్ళు బయల్దేరాయి. బిందె చాలు కులానికి భయం పుట్టటానికి. ఈ సంగతి మర్చిపోకుండా తుపాకీ దగ్గరికి పోదాం.

లైసెన్సు ఎవరిది?

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీ ఉంది. రత్నాలు పొదిగిన పిడులు, నగిషీ చెక్కిన కత్తులు, తుపాకులు. చూసేవాళ్ళు పనితనం చూసి మురిసిపోతారు. అవి ఎవరి దగ్గరున్నాయో చీటీలు చెప్తాయి. ఎవరి మీద వాడారో చెప్పవు. మరి మన తాతలు వాడిన రంపె, ఆరె, చేనుకోసే కొడవలి ఏ గ్యాలరీలో ఉన్నాయి? దసరానాడు పోలీసు స్టేషన్లలో తుపాకులకు పూజ చేస్తారు. పనిముట్టుకీ ఆయుధానికీ తేడా కూడా కులాన్ని బట్టే తేలుతుంది ఈ దేశంలో.

శూద్రులు, అతిశూద్రులు ఎందుకు తిరగబడలేదని అడిగేవాళ్ళకి 1936లో రాసిన 'కులనిర్మూలన'లో అంబేద్కర్ జవాబు చెప్పాడు. చాతుర్వర్ణ్యం కింది కులాలకు ఆయుధం లేకుండా చేసింది, చదువు లేకుండా చేసింది, అందుకే తిరుగుబాటు సాధ్యం కాలేదన్నది ఆయన వాదన సారాంశం. ఆయుధ నిషేధం మనకి బ్రిటిష్‌వాళ్ళతో మొదలు కాలేదు. మనుధర్మంతోనే మొదలైంది.

బ్రిటిష్‌వాళ్ళు దానికి కాగితం తగిలించారు. 1878 ఆయుధాల చట్టం ప్రకారం భారతీయుడికి తుపాకీ కావాలంటే లైసెన్సు కావాలి. యూరోపియన్లకు అక్కర్లేదు. పెద్ద జమీందార్లలాంటి హోదా ఉన్నవాళ్ళకు మినహాయింపులుండేవి. దానికి ఏడేళ్ళ ముందే, 1871లో, నేరస్త జాతుల చట్టం వచ్చింది. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేశారు. ఆ చట్టం కింద ఎరుకల వాళ్ళని తెచ్చిపెట్టిన సెటిల్‌మెంటు ఎక్కడో కాదు, చీరాల నుంచి బాపట్ల వైపు రైలెక్కితే దారిలో వచ్చే స్టువర్టుపురమే. 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి దాన్ని నడిపించారు. రెండు చట్టాల్నీ పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకటి కొందరికి హోదాని బట్టి ఆయుధం ఇచ్చింది. ఇంకోటి కొందర్ని పుట్టుకను బట్టి ఆయుధం లేకపోయినా ప్రమాదకరమని రాసుకుంది. నేరస్త జాతుల చట్టం 1952లో రద్దయింది. ముద్ర మాత్రం అంత తేలిగ్గా పోలేదు.

స్వతంత్రం వచ్చాక 1959లో కొత్త ఆయుధాల చట్టం చేశారు. అందులో పంట కాపలాకి నాటు తుపాకీ లైసెన్సు ఇవ్వచ్చని ఉంది. పంట ఎవరికుంటుంది? భూమి ఉన్నవాడికి. చేను కోసేవాడికి పంట లేదు గనక కాపలా అవసరమూ లేదని తేలింది. అయితే అదే చట్టం 14వ సెక్షన్‌లో ఇంకో మాట కూడా ఉంది. సరిపడా ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు నిరాకరించకూడదు. ఆ మాట చట్టంలో రాయాల్సొచ్చిందంటే అంతకు ముందు ఏం జరుగుతుండేదో ఊహించుకోవచ్చు. కాగితం మీద ఆస్తి అడ్డం కాదు. ఆచరణలో లైసెన్సు కోసం వెళ్ళాల్సింది ఎవరి దగ్గరికి? విచారణ చేసేది ఏ స్టేషను? ఆ స్టేషనుకి కబురు చెప్పే ఊరి పెద్దలెవరు? ఇక్కడే కులం కూచుని ఉంటుంది.

తుపాకీ అక్కర్లేని హింస

బీహార్‌లో భూస్వాముల ప్రైవేటు సేనలు తుపాకులతోనే దళితుల్ని చంపాయి. 1997 డిసెంబర్ 1 రాత్రి లక్ష్మణ్‌పూర్ బాథేలో రణవీర్ సేన 58 మందిని చంపింది. 2013లో పాట్నా హైకోర్టు నిందితులందర్నీ విడిచిపెట్టింది. తుపాకీ సంస్కృతి అంటే ఏంటో అక్కడ విడమర్చి చెప్పక్కర్లేదు.

మన కోస్తాలో కథ వేరుగా ఉంది. కారంచేడులో వాడినవి గొడ్డళ్ళు, బరిసెలు, కర్రలు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని వెంటాడి నరికారు. శవాల్ని గోతాల్లో మూటలు కట్టి కాలవలో పడేశారు. ఇవన్నీ ప్రతి రైతు ఇంట్లో దొరికే సామానే. వీటికి లైసెన్సు ఏ కలెక్టరూ ఇవ్వక్కర్లేదు. కులమే ఆ లైసెన్సు. మందగా కదిలొస్తే అడిగేవాడుండడన్న ధైర్యం, కేసు పెట్టినా నిలవదన్న ధైర్యం, కులపోడు అధికారంలో ఉన్నాడన్న ధైర్యం. ఇవే గొడ్డలికి పదును పెట్టాయి.

ధైర్యం ఊరికే రాలేదని కోర్టులు కూడా రుజువు చేశాయి. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు చివరి తీర్పు 2008 డిసెంబర్‌లో వచ్చింది. ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ళ జైలు. అప్పటికి 23 ఏళ్ళు గడిచాయి. చుండూరు కేసుకు దళితులు పోరాడి ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. దాని మీద సుప్రీంకోర్టుకు అప్పీళ్ళు వెళ్ళాయి.

మరి చుండూరులో తుపాకీ ఎప్పుడు పేలింది? హత్యలు జరిగిన నెల తర్వాత, 1991 సెప్టెంబర్ 10న పేలింది. న్యాయం కావాలని ఉద్యమిస్తున్న దళితుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. అనిల్‌కుమార్ అనే దళిత యువకుడు చనిపోయాడు. నరికినవాళ్ళ మీద పేలని తుపాకీ, న్యాయం అడిగినవాళ్ళ మీద పేలింది. తుపాకీ సంస్కృతి మనకి సంబంధం లేని విషయమనేవాళ్ళు ఈ ఒక్క తారీఖు గుర్తుంచుకుంటే చాలు.

ఇంకో తుపాకీ

ఇక్కడ ఒక విషయం దాటవేస్తే నిజాయితీ అనిపించుకోదు. కారంచేడు కేసులో ప్రధాన నిందితుడు దగ్గుబాటి చెంచురామయ్యను 1989లో పీపుల్స్‌వార్ నక్సలైట్లు చంపారు. కోర్టు చెయ్యని పని తుపాకీ చేసిందని ఆనాడు పల్లెల్లో అనుకున్నవాళ్ళున్నారు. ఆ ఊరటను ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. ఆరు శవాల్ని మోసినవాళ్ళ మనసు లైబ్రరీలో కూర్చున్నవాళ్ళు కొలవలేరు.

అయితే చీరాల శిబిరంలోంచి పుట్టిన ఉద్యమం ఆ దారిన పోలేదు. 1985లోనే కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటి వాళ్ళు ముందుండి దళిత మహాసభ కట్టారు. ఊరూరా సభలు, పాటలు, అంబేద్కర్ విగ్రహాలు, కోర్టు పోరాటం, పునరావాసం కోసం పోరాటం. కారంచేడు బాధితులు వెనక్కి పోయి అదే పెత్తందార్ల కింద బతకటానికి ఒప్పుకోలేదు. చీరాలలోనే విజయనగర్ కాలనీ కట్టించుకున్నారు. పీపుల్స్‌వార్ స్థాపకుల్లో ఒకడైన దళిత కవి శివసాగర్ కూడా కులం ప్రశ్న దగ్గరే ఆ పార్టీతో తెగదెంపులు చేసుకుని అంబేద్కర్ దగ్గరికొచ్చాడు.

ఎవరో అడవిలోంచి వచ్చి మన తరఫున తుపాకీ పేలిస్తే శత్రువు చస్తాడేమో గాని కులం చావదు. పైగా దానికి జవాబుగా వచ్చే పోలీసు తుపాకీ మన పల్లె మీదికే వస్తుంది. నిర్ణయం మన చేతిలో ఉండదు, నష్టం మాత్రం మన నెత్తి మీద పడుతుంది. మహాసభ కట్టిన తరం దీన్ని అనుభవంతో గ్రహించింది. అందుకే మన పల్లెల్లో మనం నిలబెట్టుకున్న విగ్రహం చేతిలో పుస్తకం ఉంది. ఆ పుస్తకమూ ఎదురు నిలబడటమే. దాన్ని పగలగొట్టటానికి రాత్రిపూట వచ్చేవాళ్ళకి ఆ సంగతి మనకన్నా బాగా తెలుసు.

చట్టంలో ఉన్నా బయటికి రాని నియమం

కారంచేడులాంటి ఘటనల మీద దేశమంతా లేచిన ఒత్తిడితో 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. దాని నియమాలు 1995 మార్చి 31న వచ్చాయి. అందులో మూడో నియమం చాలామంది కార్యకర్తలు కూడా సరిగా చదవలేదు. దాడులు జరిగే అవకాశం ఉన్న ప్రాంతాల్ని ప్రభుత్వం ముందే గుర్తించాలి. గుర్తించాక చెయ్యాల్సిన వాటిలో ఆయుధాలకు సంబంధించినవి మూడు. వీటిలో మొదటిదీ మూడోదీ అవసరమనుకుంటేనే చేస్తారు.

మొదటిది, ఆ ప్రాంతంలో ఎస్సీ, ఎస్టీలు కాని వాళ్ళ ఆయుధ లైసెన్సులు రద్దు చెయ్యటం. వాళ్ళవే కాదు, వాళ్ళ దగ్గరి బంధువులవీ, పనివాళ్ళవీ, కుటుంబ స్నేహితులవీ కూడా. ఆ ఆయుధాలు ప్రభుత్వ ఆయుధాగారంలో జమ చేయించాలి. రెండోది, అక్రమ తుపాకులన్నీ పట్టుకుని వాటి తయారీ ఆపటం. మూడోది, ప్రాణానికీ ఆస్తికీ రక్షణగా ఎస్సీ, ఎస్టీలకు ఆయుధ లైసెన్సులు ఇవ్వటం.

మనువు నుంచి 1878 దాకా వచ్చిన నియమాన్ని ఇది తలకిందులు చేసింది. పై కులం దగ్గర్నుంచి తీసుకో, కింది కులానికి ఇవ్వు అని భారత ప్రభుత్వమే రాసింది. కానీ "అవసరమనుకుంటే" అన్న ఒక్క మాటతో దాన్ని అధికారి దయకు వదిలేసింది.

ఆయుధాలు జమ చేయించటం కష్టమని అధికారులు అంటే నమ్మక్కర్లేదు. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ లైసెన్సున్న తుపాకులు స్టేషన్లలో జమ చేయిస్తారు. ఏ ఊళ్ళో ఎవరింట్లో ఏ తుపాకీ ఉందో రిజిస్టర్లలో ఉంటుంది. ఓట్ల కోసం చెయ్యగలిగిన పని ప్రాణాల కోసం ఎందుకు చెయ్యలేరు?

మనం కూడా తుపాకులు పట్టాలని మేం ఈ నియమం గుర్తుచేయటం లేదు. ఇంట్లో తుపాకీ ఉంటే ముందు ఇంట్లోవాళ్ళకే ప్రమాదమన్న మాటలో నిజం ఉంది. తాగొచ్చిన మగవాడి చేతిలో అది ఎవరి మీదికి తిరుగుతుందో మన ఆడవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. మాకు కావాల్సింది మూడింట్లో మొదటి రెండూ ముందు అమలు కావటం. మూడోది హక్కుగా ఉండాలి. వాడుకోవాలా వద్దా అనేది మనం తేల్చుకోవాలి, మన తరఫున ఇంకొకరు కాదు.

వేటపాలెంలో ప్రదర్శన పెడితే

మళ్ళీ మొదటికొద్దాం. వేటపాలెంలో, ఆ గ్రంథాలయం ఉన్న ఊళ్ళో, తుపాకీ సంస్కృతి మీద మనం ఒక ప్రదర్శన పెట్టాలనుకుంటే ఏం పెట్టాలి?

ముడివేసిన తుపాకీ బొమ్మతో మొదలుపెట్టకూడదని మా అభిప్రాయం. మొదట ఒక నీళ్ళబిందె పెట్టాలి. పక్కన గొడ్డలి పెట్టాలి. 1878 చట్టం, నేరస్త జాతుల చట్టం ఒకే బల్ల మీద పెట్టాలి. స్టువర్టుపురం సెటిల్‌మెంటు కథను అక్కడి పెద్దవాళ్ళ నోటితోనే చెప్పించి టేపు వినిపించాలి. చుండూరు తారీఖులు రెండు, ఆగస్టు 6, సెప్టెంబర్ 10, పెద్ద అక్షరాలతో గోడ మీద రాయాలి. సినిమా హీరో గొడ్డలో తుపాకో పట్టుకుని తొడ కొట్టే పోస్టరు పెట్టి, ఆ హీరో పాత్రది ఏ కులమో, అతని వెనక నిలబడి దండం పెట్టేవాళ్ళది ఏ కులమో చూసేవాళ్ళనే అడగాలి. చివరి గదిలో మూడో నియమం తెలుగులో, అందరికీ అర్థమయ్యేట్టు రాసిపెట్టాలి. దాని కింద ఒక బల్ల, కొన్ని తెల్లకాగితాలు, ఒక పెన్ను.

ఆ కాగితాలెందుకంటే, 2005 సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు వేటపాలెం, కారంచేడు, చుండూరు మూడూ బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. అంటే ఒకే కలెక్టరాఫీసుకు నాలుగు ప్రశ్నలు రాస్తే చాలు. జిల్లాలో ఆయుధ లైసెన్సులు ఎన్ని? అందులో ఎస్సీ, ఎస్టీల చేతిలో ఉన్నవి ఎన్ని? మూడో నియమం కింద గుర్తించిన ఊళ్ళేవి? 1995 నుంచి ఆ నియమం కింద ఒక్క లైసెన్సయినా రద్దు చేశారా? పేర్లు అడగొద్దు, వ్యక్తిగత సమాచారమని తోసిపుచ్చుతారు. అంకెలు అడగాలి. విద్యార్థులు ఒక్కో జిల్లాకి ఒక్కో కాగితం పంపితే ఏడాది తిరిగేలోగా రెండు రాష్ట్రాల లెక్క మన దగ్గరుంటుంది. జవాబు రాకపోతే, రాలేదన్న కాగితం కూడా ప్రదర్శనలో పెట్టాల్సిన వస్తువే.

తుపాకీ బొమ్మ ముందు నిలబడ్డప్పుడు ఇది అందంగా ఉందా, భయంగా ఉందా అని మాత్రమే అడిగి వచ్చేస్తున్నాం. దీనికి లైసెన్సు ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఎవరికి ఇవ్వనన్నారు అని అడగటం మొదలుపెడితే బ్రిటిష్ మ్యూజియంలో కుర్చీ, బొగోటాలో నేల, బర్క్‌లీలో పెట్టె, కారంచేడు బిందె అన్నీ ఒక్క వరసలోకి వస్తాయి. టీచర్లు ఈ ప్రశ్నను క్లాసులోకి తీసుకుపోవాలని, కార్యకర్తలు కలెక్టరాఫీసుకు తీసుకుపోవాలని మా విన్నపం.